మెగ్నీషియం పడిపోయిందా? ముందు ఉప్పు కొలవండి

రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం, పెట్టినవాళ్లలో మెగ్నీషియం విషయంలో రెండు రకాలవాళ్లు కనిపిస్తారు. ఏడాది గడిచినా దాని ఊసెత్తనివాళ్లు కొందరు, టెస్ట్ కిట్ 1200 చూపించగానే టెన్షన్ పడిపోయి ఆ రాత్రే డోసింగ్ సీసా మూత తీసేవాళ్లు ఇంకొందరు. వీళ్లిద్దరిలో ట్యాంకును ఎక్కువ ఇబ్బంది పెట్టేది రెండోవాళ్లే. ఎందుకంటే పగడాల ట్యాంకులో కొలిచే ముఖ్యమైన వాటన్నిటిలో మెగ్నీషియమంత నిదానంగా కదిలేది ఇంకోటి లేదు. వారం తిరక్కుండా వంద పాయింట్లు పడిపోయిందని కిట్ చెబుతుంటే పడిపోయింది మెగ్నీషియం కాకపోవచ్చు. ఉప్పు శాతం మారి ఉండొచ్చు, లేదా కొలిచిన పద్ధతే తేడా అయ్యుండొచ్చు.

లెక్కతోనే మొదలుపెడదాం. ఉప్పు శాతం 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35) ఉన్న సముద్రపు నీటిలో మెగ్నీషియం దాదాపు 1290 పీపీఎం (పది లక్షల పాళ్లలో 1290), కాల్షియం 410 చుట్టుపక్కల, ఆల్కలినిటీ (కార్బొనేట్, బైకార్బొనేట్ ఎంతుందో డీకేహెచ్ లెక్కలో చెప్పే కొలత) ఏడు డీకేహెచ్‌కు కాస్త అటూ ఇటూ ఉంటాయి. అంటే బరువులో చూస్తే కాల్షియం కంటే మెగ్నీషియం మూడు రెట్లు ఎక్కువ, అణువుల లెక్కన అయితే ఐదు రెట్లు. ట్యాంకులో 1250 నుంచి 1350 మధ్య ఎక్కడున్నా బెంగ అక్కర్లేదు, 1400 ఉన్నా ఏమీ కాదు. 1200 కిందికి దిగి అక్కడే ఉండిపోతేనే అసలు సమస్య మొదలవుతుంది.

ఆ సమస్య ఏంటో అర్థం కావాలంటే సముద్రం చేసే ఒక చిత్రమైన పని తెలియాలి. సముద్రపు పైపొరల నీటిలో కాల్షియం, కార్బొనేట్ రెండూ పట్టాల్సిన దానికంటే ఎక్కువే కరిగి ఉంటాయి. రసాయన శాస్త్రం ప్రకారం అవి రెండూ కలిసి సున్నపురాయిగా కింద పడిపోవాలి. అలా వెంటనే పడకుండా అడ్డుపడేవాటిలో ముఖ్యమైనది మెగ్నీషియం. సున్నపు స్ఫటికం పెరుగుతున్నప్పుడు దాని ముఖం మీదికి మెగ్నీషియం వచ్చి చేరుతుంది, కొత్తగా ఏర్పడే పొరలోకీ దూరిపోతుంది. మెగ్నీషియం కలిసిన ఆ పొర మామూలు కాల్సైట్ కంటే తేలిగ్గా కరిగే రకం, కాబట్టి స్ఫటికం ముందుకు పెరగలేక ఆగిపోతుంది. ఇంకోపక్క నీళ్లలోని కార్బొనేట్‌లో కొంత భాగం మెగ్నీషియంతో జతకట్టి ఉండిపోతుంది, కాల్షియానికి చిక్కదు. సముద్రంలో మెగ్నీషియం ఇంత ఉండబట్టే పగడాలు కూడా కాల్సైట్‌ను వదిలేసి అరగొనైట్ అనే ఇంకో రూపంలో అస్థిపంజరం కట్టుకుంటాయి. డైనోసార్లున్న క్రిటేషియస్ కాలంలో సముద్రపు నీటిలో మెగ్నీషియం పాలు ఇప్పటికంటే చాలా తక్కువ. అప్పట్లో రీఫ్ కట్టే పనిలో ముందున్నవి పగడాలు కావు, రూడిస్టులనే ఒక రకం ఆల్చిప్పలు.

ట్యాంకులో ఈ అడ్డు బలహీనపడితే మొదట తెలిసేది హీటర్ మీద. గాజు గొట్టం చుట్టూ తెల్లగా, గోకితే పెచ్చులుగా ఊడే పొర కడుతుంది. నీళ్లను ట్యాంకులోకి తిప్పి పంపే రిటర్న్ పంపు విప్పితే ఇంపెల్లర్ రెక్కల మీదా అదే. నీళ్లు వేడెక్కే చోట, పీహెచ్ పెరిగే చోట సున్నం ముందుగా పడుతుంది మరి. ఆ తర్వాత ఇసుక అక్కడక్కడా గట్టిపడి గడ్డలు కడుతుంది. ఇంతలో ట్యాంకు యజమాని రోజూ ఆల్కలినిటీ పోస్తూనే ఉంటాడు, మర్నాటికి మళ్లీ పడిపోయి ఉంటుంది, పగడాలు బాగా తింటున్నాయని సంబరపడతాడు. అవి తినడం లేదు, పంపు తింటోంది. కాల్షియం, ఆల్కలినిటీ రెండూ ఎంత పోసినా నిలవకపోతే మెగ్నీషియం కొలవమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. మూడూ తక్కువున్నప్పుడు ముందు మెగ్నీషియం సరిచేసి తర్వాత మిగతా రెండింటి జోలికి వెళ్లమనేదీ ఇందుకే.

ఇక ట్యాంకులో మెగ్నీషియం ఎంత ఖర్చవుతుందన్న సంగతి. గట్టి పగడాలు నిండుగా ఉన్న ట్యాంకు రోజుకు 2.8 డీకేహెచ్ ఆల్కలినిటీ వాడుకుంటోందనుకుందాం, ఇది చాలా ఎక్కువే. దానికి సరిపడా పోయే కాల్షియం 20 పీపీఎం. అదే రోజు పోయే మెగ్నీషియం? రాతి పగడం అస్థిపంజరంలో మెగ్నీషియం నామమాత్రమే. రాళ్ల మీద గులాబీ, ఊదా రంగుల్లో పాకే కోరలైన్ ఆల్గే మాత్రం మెగ్నీషియం బాగా కలిసిన కాల్సైట్ కడుతుంది. ఆ 20 పీపీఎం కాల్షియం మొత్తం కోరలైనే తినేసిందని మొండిగా లెక్కేసినా మెగ్నీషియం ఖర్చు రోజుకు 2, మహా అయితే 3 పీపీఎం. డోసింగ్ ఆపేస్తే ఈ ట్యాంకులో ఆల్కలినిటీ మూడు రోజుల్లో అడుగంటుతుంది, కాల్షియానికి మూడు వారాలు పడుతుంది. మెగ్నీషియం నిల్వ అయితే ఏడాది దాటినా మిగిలే ఉంటుంది. చెరువులోంచి చెంబుతో తోడినట్టే. కాబట్టి దాన్ని వారం వారం కొలవక్కర్లేదు, నెలకోసారి చాలు. కొత్త ఉప్పు బకెట్ తెరిచినప్పుడు ఇంకోసారి చూసుకోవాలి.

మరి వారంలో వంద ఎలా పడుతుంది? ఉప్పు దగ్గరికి రావాలి. సముద్రం ఎక్కడిదైనా అందులోని ప్రధాన లవణాల మధ్య నిష్పత్తి మారదు, మొత్తం ఉప్పు శాతమే పెరుగుతుంది, తగ్గుతుంది. 1872 నుంచి 1876 వరకు ప్రపంచమంతా తిరిగిన ఛాలెంజర్ నౌక తెచ్చిన 77 నమూనాలను విలియం డిట్మార్ విశ్లేషించి 1884లో దీన్ని గట్టిగా నిరూపించాడు. ట్యాంకుకు ఈ సూత్రం చాలా పనికొస్తుంది. ఉప్పు 35 నుంచి 32కు దిగితే మెగ్నీషియం దానంతటదే 1180 అవుతుంది. ఎవరూ తినలేదు, ఎక్కడా పేరుకోలేదు, నీళ్లు పలచబడ్డాయంతే. అప్పుడు కాల్షియం కూడా అదే దామాషాలో, 375 దగ్గరికి దిగి ఉంటుంది. రెండూ జంటగా తగ్గితే నేరం ఉప్పుదే.

విశాఖ తీరంలో నీళ్లు పట్టుకొచ్చి ట్యాంకు నింపేవాళ్లకు ఇది ఏటా ఎదురయ్యే విషయం. వానాకాలం చివర్లో మహానది, ఇంకా పైనుంచి గంగ, బ్రహ్మపుత్ర బంగాళాఖాతంలో కుమ్మరించిన మంచినీళ్లు తీరం వెంబడి కిందికి జారుతూ వస్తాయి. వేసవిలో బాగానే ఉన్న సముద్రం అక్టోబరు, నవంబరు నెలల్లో తీరం దగ్గర 30 పీపీటీ కిందికి పడిపోతుంది. నీళ్లు 28 ఉన్నాయనుకుంటే అందులో మెగ్నీషియం 1030, కాల్షియం 330. ఇలాంటి నీళ్లు చూసి మెగ్నీషియం ఒక్కటే పోసి 1300కు లాగితే అంకె అందంగా ఉంటుందిగానీ నీళ్లు సముద్రంలా ఉండవు. అక్కడ కలపాల్సింది సముద్ర లవణాలన్నీ సరైన పాళ్లలో ఉండే రీఫ్ సాల్ట్.

ఉప్పు సరిగ్గానే ఉందని పరికరం చెప్పినా ఒక మెలిక ఉంది. ఉప్పు శాతం కొలవడానికి చవకగా దొరికే చేతి రిఫ్రాక్టోమీటర్లు చాలావరకు మామూలు ఉప్పు ద్రావణం కోసం చేసినవి, సముద్రపు నీటి కోసం కాదు. అసలు 35 పీపీటీ ఉన్న సముద్రపు నీటిని వాటిలో చూస్తే 36.5 చూపిస్తాయి. అంటే గీత 35 మీద ఆగిందని మురిసిపోతున్న ట్యాంకులో నిజంగా ఉన్నది 33.6. దానికి తగ్గ మెగ్నీషియం 1240. యాభై పాయింట్లు గాజుముక్కలోనే మాయం! ఆర్వో నీళ్లతో సున్నా సరిచేసి ఊరుకోకుండా 35 పీపీటీ స్టాండర్డ్ ద్రావణంతో క్యాలిబ్రేట్ చేస్తే ఈ బాధ ఉండదు.  అయినా కొనేవాళ్లు తక్కువ, అదేంటో.

ఉప్పు మెల్లగా కారిపోయే దారులు కూడా ఉన్నాయి. నురుగుతో మురికిని బయటికి తీసే స్కిమ్మర్ కప్పులోకి పలచటి నురుగు తీస్తున్నారంటే దాంతోపాటు ట్యాంకు నీళ్లూ వెళ్తున్నాయి, ఆ లోటును నీటిమట్టం తగ్గితే దానంతటదే నింపే ఆటో టాప్ ఆఫ్ పరికరం మంచినీళ్లతో నింపేస్తుంది. 200 లీటర్ల ట్యాంకులో వారానికి అర లీటరు ఇలా పోయినా, మధ్యలో నీళ్లు మార్చకపోతే, ఏడాదికి పన్నెండు శాతం ఉప్పు పోయినట్టే. మెగ్నీషియం కూడా అంతే శాతం పోతుంది.

దీనికి అచ్చం తిరగబడిన కథ టూ-పార్ట్ డోసింగ్‌లో జరుగుతుంది, ఇది చాలామంది గమనించరు. ఒక సీసాలో కాల్షియం క్లోరైడ్, ఇంకో సీసాలో సోడా. కాల్షియం, కార్బొనేట్ పగడంలోకి పోతే మిగిలేది సోడియం, క్లోరైడ్, అంటే మామూలు ఉప్పే. పైన చెప్పిన రోజుకు 2.8 డీకేహెచ్ ట్యాంకులో నెలకు లీటరుకు 1.75 గ్రాముల ఉప్పు ఇలా చేరుతుంది. ఉప్పు పెరిగిందని కాస్త నీళ్లు తీసి ఆర్వో నీళ్లు పోసి 35కు దింపుతారు. ఆ దించడంలో మెగ్నీషియం 60 పీపీఎం పోతుంది! పగడాలు, కోరలైన్ కలిసి నెలంతా తిన్నది ఎంతో, ఒక్క సర్దుబాటులో పోయేది దాదాపు అంత. టూ-పార్ట్ వాడే పెద్ద ట్యాంకుల్లో మెగ్నీషియాన్ని మూడో సీసాగా పెట్టుకోవాలనడానికి అసలు కారణం పగడాల ఆకలి కంటే ఇదే.

ఉప్పు అనుమానం తీరిందంటే ఇక కిట్ వంతు. ఈ కిట్లలో చాలావాటి వెనక ఉన్నది భీమవరం ఆక్వా ల్యాబుల్లో హార్డ్‌నెస్ చూసే పద్ధతి లాంటిదే. కాల్షియం, మెగ్నీషియాలను పట్టుకునే ఈడీటీఏ అనే రసాయన ద్రావణం చుక్కలు చుక్కలుగా వేస్తూ పోతే ద్రాక్షరంగులో ఉన్న నీళ్లు ఒక్కసారిగా నీలంలోకి తిరుగుతాయి. మొత్తం హార్డ్‌నెస్‌లోంచి కాల్షియం హార్డ్‌నెస్ తీసేసి, మిగిలినదాన్ని 0.243తో గుణిస్తే మెగ్నీషియం వస్తుంది. సముద్రపు నీటికి ఆ అంకెలు సుమారు 6340, 1030, తీసివేస్తే 5310, గుణిస్తే 1290. అంతా బాగుంది. అయితే ఇల్లు, ల్యాబు ఒకటి కాదు. కిట్ సిరంజిలో ఒక ఎంఎల్ మొత్తం 1500 పీపీఎంకు సమానం అనుకుంటే, ఒక్క చుక్క 0.04 ఎంఎల్ వేసుకున్నా 60 పీపీఎం. రంగు మారిందా, ఇంకా మారాలా అని ట్యూబ్‌లైటు కింద తటపటాయించి వేసిన ఆ ఒక్క చుక్కతో 1260 కాస్తా 1320 అయి కూర్చుంటుంది. నమూనా నీళ్లు తీసే సిరంజిలో గాలి బుడగ ఉన్నా, సూచిక మందు పాతబడినా ఇంకో తేడా. అందుకే ఒక రీడింగ్‌ను చూసి ఏమీ చేయకూడదు. రెండుసార్లు కొలవాలి, వీలైతే కొత్తగా కలిపిన సాల్ట్ నీళ్లనూ పక్కన పెట్టి కొలవాలి. ఆ నీళ్లలో కూడా అదే తేడా వస్తే ట్యాంకు నిర్దోషి. అప్పుడు చూడాల్సినవి కిట్, ఉప్పు బకెట్.

ఇవన్నీ దాటాక కూడా 1180 అనే వస్తోంది, ఉప్పు 35 ఖాయం, కాల్షియం 420 ఉంది. ఇప్పుడు నిజంగానే తక్కువ. సున్నపు తేట ఒక్కదాని మీదే నడిచే ట్యాంకుల్లో ఇలా అవుతుంది, అది కాల్షియం, ఆల్కలినిటీ ఇస్తుంది, మెగ్నీషియం ఇవ్వదు. కాల్షియం రియాక్టర్‌లో పాత పగడపు ముక్కలే నింపినా అంతే. అందుకే కొందరు అందులో కొంచెం డోలమైట్ కూడా వేస్తారు. ఖమ్మం జిల్లా మాదారం గనుల్లో విశాఖ ఉక్కు కర్మాగారం కోసం తవ్వుతూ వచ్చిన ఖనిజం కూడా డోలమైటే. అణువుల లెక్కన కాల్షియం, మెగ్నీషియం సగం సగం ఉండే రాయి, కాకపోతే నెమ్మదిగా కరుగుతుంది.

ట్యాంకులో పోయడానికి ఉన్నవి రెండు లవణాలు. మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్‌లో దాదాపు 12 శాతం మెగ్నీషియం, మెగ్నీషియం సల్ఫేట్, అంటే ఎప్సమ్ సాల్ట్‌లో దాదాపు 10 శాతం. అసలు నీళ్లు 200 లీటర్లున్న ట్యాంకును వంద పీపీఎం పెంచాలంటే 20 గ్రాముల మెగ్నీషియం కావాలి. క్లోరైడ్ అయితే 167 గ్రాములు, సల్ఫేట్ అయితే 203 గ్రాములు. సల్ఫేటే చవక కదా, పత్తి ఆకు ఎర్రబడితే పిచికారీ చేసే మందు, ఎరువుల కొట్లో కిలోల లెక్కన దొరుకుతుంది, అదే పోసేద్దాం అనిపిస్తుంది. కానీ ఆ 203 గ్రాముల్లో 79 గ్రాములు సల్ఫేట్. సముద్రంలో సల్ఫేట్ 2700 పీపీఎం, అది ఒక్క దెబ్బకు దాదాపు 400, అంటే 15 శాతం పెరుగుతుంది. క్లోరైడ్ వాడితే చేరేది 290 పీపీఎం, సముద్రంలో ఉన్న 19 వేల పైచిలుకు క్లోరైడ్‌లో అది ఒకటిన్నర శాతం, లెక్కలోకి రాదు. కాబట్టి ఎక్కువ భాగం క్లోరైడ్, కొద్దిగా సల్ఫేట్ అనే వాడుక కేవలం అలవాటు కాదు, దానికి లెక్కుంది. ఎప్పుడో ఒకసారి దిద్దుబాటుకు ఎప్సమ్ ఒక్కటే వాడినా ట్యాంకు చావదు, నెలనెలా వాడితేనే తేడా పేరుకుంటుంది.

మన దగ్గర దొరికే మెగ్నీషియం క్లోరైడ్ చాలావరకు గుజరాత్ ఉప్పు మడుల సరుకు. ఉప్పు తీసేశాక మడిలో మిగిలిపోయే చేదు ద్రవంలోంచి తీస్తారు. రొయ్యల చెరువులకు బస్తాల్లో వచ్చే పారిశ్రామిక రకం చవకే, కానీ దాంట్లో ఇనుము, మాంగనీసు, కొన్నిసార్లు అమోనియా ఉండొచ్చు. ఎకరాల చెరువులో పడిన మలినం వేరు, 200 లీటర్ల గాజు పెట్టెలో పడిన మలినం వేరు. కనీసం ఒక చెంచా ఆర్వో నీళ్లలో కరిగించి అమోనియా కిట్‌తో చూడటం, అడుగున గోధుమరంగు మడ్డి దిగుతోందా అని ఒక రాత్రి ఆగి చూడటం, ఈ రెండూ చేయకుండా పోయకూడదు. ఫార్మా గ్రేడ్ దొరికితే అసలు ఈ తలనొప్పే లేదు. ఇంకోటి, ఈ క్లోరైడ్ పలుకులు గాలిలోని తేమను పీల్చేస్తాయి. వానాకాలంలో డబ్బా మూత వదులుగా ఉంటే తడిసి ముద్దవుతాయి, ఆ తర్వాత 167 గ్రాములు తూచితే అందులో కొంత ఉత్త నీళ్లే.

పోసే పద్ధతి తేలికే. ఆర్వో నీళ్లలో పూర్తిగా కరిగించి ట్యాంకు కింద ఉండే తొట్టి, అంటే సంప్‌లో ప్రవాహం బాగా ఉన్న చోట నెమ్మదిగా పోయాలి, రోజుకు వంద పీపీఎం మించకుండా. ఆల్కలినిటీ ద్రావణంతో కలిపి మాత్రం పోయొద్దు, గిన్నెలోనే తెల్లగా విరిగిపోతుంది. వంద పీపీఎంకు ఉప్పు శాతం కూడా 0.4 దాకా పెరుగుతుంది కాబట్టి తర్వాత అదీ చూసుకోవాలి. తొందర లేనివాళ్లకు నీళ్లు మార్చడమే చాలు. ట్యాంకు 1200, కొత్త సాల్ట్ నీళ్లు 1400 ఉంటే వారానికి పది శాతం చొప్పున నాలుగు వారాల్లో 1270 దగ్గరికి వచ్చేస్తుంది, వేరే సీసా ఏదీ అక్కర్లేకుండానే.

గోదావరి జిల్లాల వనామి రొయ్యల రైతులకు మెగ్నీషియం, కాల్షియం మూడుకు ఒకటి అనే మాట నోటికి వచ్చు. ఆ మూడు సముద్రంలోంచి వచ్చిందే, 1290ని 410తో భాగిస్తే తేలేది. ఉప్పు 5 పీపీటీ ఉన్న చెరువులో ఆ లెక్కన 185 పీపీఎం మెగ్నీషియం ఉండాలి. కానీ చెరువుల్లో చాలాచోట్ల ఉన్నది పలచబడ్డ సముద్రం కాదు, బోరు నీళ్లు, వాటి నిష్పత్తి నేలను బట్టి ఉంటుంది, అందుకే అక్కడ బస్తాలతో దిద్దాల్సి వస్తుంది. రీఫ్ ట్యాంకులో మంచి సాల్ట్ వాడితే ఆ నిష్పత్తి బకెట్‌లోనే వస్తుంది. చెరువు అలవాటుతో ట్యాంకులో వారం వారం మినరల్ వేయడం అనవసరం. పగడాల సంగతికొస్తే, మన దేశంలో రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, సముద్రంలోంచి తెచ్చుకుంటే జైలు మాటే. ఈ డోసింగ్ గొడవంతా నిత్యం పడే తెలుగువాళ్లు ఎక్కువగా అమెరికా లాంటి చోట్ల, పెంపకపు పగడాలు దుకాణాల్లో అమ్మే ఊళ్లలో ఉంటారు.

ఎక్కువైతే? బ్రయోప్సిస్ అనే మొండి ఆకుపచ్చ నాచును చంపడానికి కావాలనే మెగ్నీషియాన్ని 1600, 1800 దాకా లాగే పద్ధతి ఒకటి హాబీలో చాలాకాలం నడిచింది. చంపింది మెగ్నీషియమా, ఆ సప్లిమెంట్‌లోని మలినమా అన్నది ఎప్పుడూ తేలలేదు, ఇప్పుడు చాలామంది ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందు వైపు వెళ్లిపోయారు. ఇక్కడ మర్చిపోకూడని విషయం, సముద్ర జీవుల మీద పరిశోధన చేసేవాళ్లు నత్తల్లాంటి వాటిని మత్తులో ఉంచడానికి వాడేది మెగ్నీషియం క్లోరైడే, కాకపోతే చాలా గాఢంగా. ట్యాంకులో అంత మోతాదు ఎవరూ పోయరు కానీ, బాగా పెంచిన తర్వాత నత్తలు గాజు మీంచి జారి ఇసుకలో కదలకుండా పడి ఉన్నాయంటే అప్పుడు నీళ్లు మార్చాలి. అదే 1420 చూపించి, నత్తలు ఎప్పట్లా గాజు గీకుతూ, పగడాలు విచ్చుకుని ఉంటే చేయాల్సిందేమీ లేదు, వచ్చే నెల కొలిచేదాకా సీసా అల్మరాలోనే ఉంచొచ్చు.